వేడికి ముడుచుకునే కణాలు – 32 డిగ్రీలు మన జిల్లాలో గది ఉష్ణోగ్రతే

సంపాదక మహాశయులకు,

నమస్కారాలు. గత ఆదివారం మీ పత్రిక విజ్ఞాన పుటలో ఉష్ణోగ్రతకు స్పందించే పాలిమర్ (చిన్న అణువులు పొడవాటి గొలుసులుగా కలిసిన పదార్థం) కణాల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇటువంటి విషయానికి ఒక దినపత్రిక అరపేజీ కేటాయించడం సంతోషించవలసిన సంగతే. అయితే అందులో ఒక విషయం తలకిందులుగా అచ్చయింది. అంతకంటె ముఖ్యమైన మరొక విషయం, అంటే ఆ కణాల ఉపరితలం ఎలా మారుతుంది, అవి నీటిలో ఒకదానికొకటి అంటుకోకుండా ఎలా నిలుస్తాయి అన్నది, ప్రస్తావనకే రాలేదు. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం రసాయన శాస్త్రం బోధించినవాడిగా ఈ రెండింటి గురించీ, వాటికి మన శ్రీకాకుళం ఎండతో ఉన్న సంబంధం గురించీ కొంత వివరంగా రాయాలనుకుంటున్నాను.

వేడి తగలగానే ఈ కణాలు ఉబ్బి విచ్చుకుంటాయని వ్యాసకర్త రాశారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఈ రంగంలో అందరికంటె ఎక్కువగా వాడే పదార్థం పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్. పరిశోధకులు దీన్ని క్లుప్తంగా పీనిపామ్ అంటారు. చల్లని నీటిలో దీని గొలుసులు నీటిని పీల్చుకొని విప్పారి ఉంటాయి. ఉష్ణోగ్రత సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే నీటిని వదిలేసి తమలో తాము చుట్టుకుపోతాయి. టొరంటోలో హెస్కిన్స్, గిల్లెట్ 1968లోనే ఈ ప్రవర్తనను వివరంగా నమోదు చేశారు. వేడిచేస్తే కరగడం పెరగాలి గాని తగ్గడమేమిటని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే అది. ఈ గొలుసులో ఒక్కొక్క శాఖకు రెండు స్వభావాలు ఉన్నాయి: ఎమైడ్ భాగం నీటితో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటుంది, ఐసోప్రొపైల్ భాగం మాత్రం నీటికి సరిపడదు కాబట్టి దాని చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో అమరి ఉండవలసి వస్తుంది. ఆ క్రమం వల్ల ఎంట్రోపీ, అంటే అణువుల అమరికలోని చెల్లాచెదురుతనం, తగ్గుతుంది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆ తగ్గుదల మరింత ప్రతికూలంగా పరిణమించి, ఒక దశలో హైడ్రోజన్ బంధాల వల్ల కలిగే లాభాన్ని మించిపోతుంది. అప్పుడు క్రమంలో ఉన్న నీటి అణువులు విడుదలై స్వేచ్ఛగా తిరుగుతాయి, గొలుసులు ఒకదానినొకటి ఆశ్రయిస్తాయి.

విడి గొలుసులకు అక్కడక్కడా అడ్డుబంధాలు వేస్తే అది జెల్ అవుతుంది. పరిస్థితులను కొద్దిగా మార్చినంత మాత్రాన జెల్‌ల పరిమాణం హఠాత్తుగా మారిపోగలదని అమెరికాలోని ఎం.ఐ.టి.లో తోయోయిచి తనాకా 1978లో చూపించారు. పెద్ద జెల్ ముక్కతో ఒక ఇబ్బంది ఉంది: అది ముడుచుకోవడానికి పట్టే కాలం దాని మందం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది, అంటే మందం పదింతలైతే సమయం నూరింతలు. వేలి మందం ముక్క గంటల తరబడి తాత్సారం చేస్తే, మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా చిన్న కణం కనురెప్ప పాటులో స్పందిస్తుంది. కణాల మీద ఇంత ఆసక్తి పుట్టడానికి ఇదొక కారణం.

వాటిని తయారుచేసే పద్ధతిని కెనడాకు చెందిన రాబర్ట్ పెల్టన్, షిబాంటే 1986లో ప్రచురించారు. అందులో ఒక చమత్కారం ఉంది. మోనోమర్‌ను (గొలుసులో ఒక్కొక్క కొక్కెంగా చేరే చిన్న అణువును), అడ్డుబంధాలు వేసే మిథిలీన్ బిస్‌ఎక్రిలమైడ్‌ను నీటిలో కరిగించి, సుమారు 70 డిగ్రీల దగ్గర పొటాషియం పెర్‌సల్ఫేట్‌తో చర్యను మొదలుపెడతారు. మోనోమర్ ఆ వేడిలో కూడా నీటిలో కరిగే ఉంటుంది, కాని దాని నుంచి పుట్టిన గొలుసు 32 డిగ్రీల పైన నీటికి సరిపడదు కాబట్టి పుడుతూనే ముద్దకట్టి కణంగా మారుతుంది. మనం వాడుకోబోయే గుణమే ఆ వస్తువును తయారుచేసిపెడుతోందన్నమాట. పెర్‌సల్ఫేట్ వదిలిన రుణావేశపు సల్ఫేట్ సమూహాలు గొలుసుల కొసలకు అతుక్కొని ఎక్కువగా కణం ఉపరితలానికి చేరతాయి. అడ్డుబంధాలు వేసే పదార్థం మోనోమర్ కంటె త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి కణం నడిబొడ్డు బిగువుగా, అంచులు వదులుగా, నూగుగా తయారవుతాయి. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకుంటే తరువాతి కథ సులువుగా అర్థమవుతుంది.

25 డిగ్రీల దగ్గర 800 నానోమీటర్ల వ్యాసం ఉన్న కణం 40 డిగ్రీలకు 400 నానోమీటర్లకు ముడుచుకుందనుకుందాం. ఈ కణాల్లో ఇది అరుదైన మార్పేమీ కాదు. వ్యాసం సగమైతే ఉపరితలం నాలుగో వంతుకు, ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతాయి. ఉబ్బినప్పుడు కణంలో అత్యధిక భాగం నీరే కాబట్టి దాని వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న నీటికి దగ్గరగా ఉంటుంది, వెలుగు పెద్దగా చెదరదు, ద్రవం లేత నీలిఛాయతో పలచగా కనిపిస్తుంది. ముడుచుకోగానే అదే ద్రవం చిక్కటి తెలుపుకు తిరుగుతుంది. ఈ తెల్లదనాన్ని చూసి కణాలన్నీ గుంపుకట్టి పేరుకుపోయాయని పొరపడడం సహజం. మీ వ్యాసంలోని చిత్రం కింద కూడా అటువంటి మాటే ఉంది. ముడుచుకోవడం వేరు, పేరుకుపోవడం వేరు. మొదటిది ఒక్కొక్క కణం లోపల జరిగేది, రెండోది కణాల మధ్య జరిగేది. మొదటిది జరిగినచోట రెండోది జరగాలన్న నియమం లేదు. ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్నదే కొల్లాయిడ్ శాస్త్రం, అంటే ద్రవంలో కరగకుండా చెదిరి ఉండే సూక్ష్మకణాల శాస్త్రం, పరిశీలించే విషయం.

కొల్లాయిడ్ కణాలు కలిసిపోకుండా ఉండడానికి రెండు దారులున్నాయి. మొదటిది విద్యుదావేశం. ఒకే జాతి ఆవేశమున్న కణాలు వికర్షించుకుంటాయి. డెర్యాగిన్, లాండౌ 1941లోనూ, వెర్వే, ఓవర్‌బీక్ 1948లోనూ విడివిడిగా రూపొందించిన సిద్ధాంతం ఈ వికర్షణకూ, కణాల మధ్య సహజంగా ఉండే వాండర్‌వాల్ ఆకర్షణకూ జరిగే పోటీని లెక్కకట్టింది. నీటిలో ఉప్పు ఎక్కువైతే ఆవేశం ప్రభావం కణానికి అతి దగ్గరలోనే ఆగిపోతుంది, ఆకర్షణది పైచేయి అవుతుంది, కణాలు గుంపుకడతాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసేచోట వరదనీటిలోని బురద పేరుకొని అడుగుకు దిగడంలో ఈ స్కందనానికి పెద్ద పాత్ర ఉంది: రుణావేశపు బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండో దారి, కణం చుట్టూ నీటితో నిండిన గొలుసుల పొర ఉండడం. రెండు కణాలు దగ్గరకు రావాలంటే ఆ పొరలు ఒకదానిలోకి ఒకటి చొరబడాలి, అందుకు అవి ఒప్పుకోవు. ఇటువంటి కణాలకు ఉప్పు కలిపినా పెద్దగా ఏమీ కాదు.

పీనిపామ్ కణం ప్రత్యేకత ఏమిటంటే, 32 డిగ్రీల ఇవతల అది రెండో దారిలో నిలబడుతుంది, అవతల మొదటి దారిలో నిలబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు నూగుపొర రక్షణ ఇస్తుంది, పైగా కణంలో ఉన్నది ఎక్కువగా నీరే కాబట్టి కణాల మధ్య ఆకర్షణ కూడా బలహీనం. అప్పుడు ఉప్పు కలిపినా ద్రవం చెక్కుచెదరదు. వేడెక్కితే పొర ముడుచుకుంటుంది, పదార్థం గట్టిపడి ఆకర్షణ పెరుగుతుంది, ఇక మిగిలిన ఆధారం సల్ఫేట్ సమూహాల ఆవేశం ఒక్కటే. ఉప్పు లేని శుద్ధజలంలో అది చాలు. అదే ఆవేశం నాలుగో వంతు వైశాల్యంలోకి సర్దుకోవడంతో దాని సాంద్రత నాలుగింతలవుతుంది, ద్రవం తెల్లగా మారినా కణాలు విడివిడిగానే ఉంటాయి. ఉప్పు తగినంత ఉంటే మాత్రం, వేడెక్కిన వెంటనే కణాలు గుంపుకట్టి అడుగుకు చేరతాయి. తిరిగి చల్లబరిచి కుదిపితే సాధారణంగా మళ్లీ విడిపోతాయి. ఆర్సెనిక్ సల్ఫైడ్ సాల్‌ను (ద్రవంలో చెదిరిన ఆ పదార్థపు కొల్లాయిడ్‌ను) ఒకసారి స్కందింపజేస్తే దాన్ని మళ్లీ మునుపటి స్థితికి తేవడం ఎంత కష్టమో ప్రయోగశాలలో చేతులు కాల్చుకున్నవారికి తెలుసు. ఇక్కడ ఐసు గిన్నె చాలు.

ఆవేశం గురించి ఇంకొక సూక్ష్మం ఉంది. కణం పరిమాణం 32 డిగ్రీల ప్రాంతంలోనే పడిపోతుంది గాని, విద్యుత్ క్షేత్రంలో దాని కదలిక వేగం గట్టిగా పెరిగేది మరికొన్ని డిగ్రీలు దాటాక. నడిబొడ్డు ముందు ముడుచుకుంటుందనీ, ఆవేశాలు మోసే అంచు గొలుసులు ఆ తరువాత గాని లొంగవనీ దీన్ని బట్టి పరిశోధకులు ఊహించారు. లోపలి నిర్మాణాన్ని కళ్లతో చూడకుండా, పరిమాణం, చలనశీలత అనే రెండు కొలతల మధ్య తేడాను బట్టి గ్రహించడం నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

ఉపరితలం జలప్రియ స్థితి నుంచి జలవిరోధి స్థితికి మారడం వల్ల ప్రోటీన్లతో కణం వ్యవహారం కూడా మారుతుంది. జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయంలో హరుమా కవాగుచి బృందం చూపినట్టు, ఈ కణాల మీద ప్రోటీన్ల అధిశోషణం, అంటే ఉపరితలానికి అంటుకోవడం, 25 డిగ్రీల కంటె 40 డిగ్రీల దగ్గర ఎక్కువ. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో అబ్దెల్‌హమీద్ ఎలైస్సారి, ఆయన సహచరులు ధనావేశమున్న ఇటువంటి కణాలతో న్యూక్లియిక్ ఆమ్లాలను పట్టి వేరుచేసే పద్ధతుల మీద పనిచేశారు. అక్కడ కూడా ఉష్ణోగ్రత, ఉప్పు, ఆమ్లత్వం, ఈ మూడింటినీ కలిపి చూసుకోనిదే ఫలితం చెప్పలేం. కణాలుగా కాక పాత్ర అడుగున పలుచని పూతగా ఇదే పాలిమర్‌ను వాడి, 37 డిగ్రీల దగ్గర జీవకణాలను పెంచి, తరువాత చల్లబరచి, ఎంజైములు వాడకుండానే వాటిని ఒకే పొరగా లేవదీయవచ్చని టోక్యోలో తెరువో ఒకానో బృందం చూపించింది. నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్షన్లను కూడా ఈ కణాలతో నిలబెట్టి, కావలసినప్పుడు వేడిచేసి విడగొట్టవచ్చు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఈ పరిశోధనల్లో చాలాభాగం జరిగిన చోట గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. అక్కడ బల్లమీద పెట్టిన సీసాలో కణాలు ఉబ్బే ఉంటాయి, వాటిని ముడిచేందుకు ప్రత్యేకంగా వేడిచేయాలి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీలు ఉండడం వింతేమీ కాదు. డిసెంబరు తెల్లవారుజామున అదే గది 20 డిగ్రీలకు దిగవచ్చు. అంటే పలాసలోనో, రాజాంలోనో, పాలకొండలోనో అలమరలో పెట్టిన సీసాలోని కణాలు ఎవరూ ముట్టుకోకుండానే కాలాన్ని బట్టి ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారతాయి. మార్చి, అక్టోబరు నెలల్లో పగటికీ రాత్రికీ మధ్యనే మారినా ఆశ్చర్యం లేదు. పైగా ఉప్పు ఈ మార్పు ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. మన రక్తంలో ఉన్నంత ఉప్పు కలిపితే అది సుమారు 30 డిగ్రీలకు వస్తుంది. రోగనిర్ధారణకు వాడే బఫర్లలో (ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణాల్లో) తరచు ఉండేది దాదాపు ఆ మోతాదే.

దీని పర్యవసానం చిన్నది కాదు. మన పట్టణాల్లోని చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ గాజు పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క లేటెక్స్ ద్రవం కలిపి, కణాలు గుంపుకడితే పాజిటివ్ అని కంటితో చూసి చెప్పే పరీక్షలు చేస్తున్నారు. వాటిలో మామూలుగా వాడేది పాలీస్టైరీన్ కణాలు. వాటికి 32 డిగ్రీల బెడద లేదు. మీ వ్యాసంలో ఆశించినట్టు ఆ స్థానంలోకి ఉష్ణోగ్రతకు స్పందించే కణాలు వస్తే, ఉప్పున్న బఫర్‌లో, 35 డిగ్రీల గదిలో, రోగి రక్తంలో ఏమీ లేకపోయినా అవి గుంపుకట్టవచ్చు. లేని జబ్బు ఉన్నట్టు నివేదిక వస్తుంది. అటువంటి కిట్లు ఈ ప్రాంతానికి తేదలచినవారు ముందుగా వాటిని వేసవి గది ఉష్ణోగ్రతలో, వాడబోయే బఫర్‌లోనే పరీక్షించి చూపాలి. చల్లని పెట్టెలో తెచ్చి ఏసీ గదిలో చేసిన ప్రదర్శన చాలదు.

ఉపాయం లేకపోలేదు. తయారీలో ఎక్రిలమైడ్ వంటి జలప్రియ మోనోమర్‌ను కొద్దిగా చేరిస్తే మార్పు ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది, టెర్షరీ బ్యుటైల్ ఎక్రిలమైడ్ వంటి జలవిరోధి మోనోమర్‌ను చేరిస్తే కిందికి జరుగుతుంది. మన వేసవి గదికి ఎగువన, 42 డిగ్రీల దగ్గరో ఇంకొంచెం పైనో దాన్ని నిలిపితే, అవసరమైనప్పుడు నీళ్లగిన్నెలో వేడిచేసి ముడుచుకోనివ్వవచ్చు. ఎక్రిలిక్ ఆమ్లాన్ని చేరిస్తే ఆవేశం పెరిగి స్థిరత్వం మెరుగవుతుంది గాని, అప్పుడు ఆమ్లత్వం మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. గట్టి పాలీస్టైరీన్ గింజ మీద పీనిపామ్ తొడుగు వేసి రెండింటి గుణాలనూ కలిపిన కణాలూ ఉన్నాయి. ఈ సర్దుబాటు మన వాతావరణాన్ని ఎరిగినవారు చేయవలసిన పని. పైడిభీమవరంలో ఔషధ పరిశ్రమలు, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం, విజయనగరంలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్న ఈ ప్రాంతంలో ఒక ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ఇంతకంటె తగిన విషయం నాకు తోచడం లేదు.

వ్యాసం చివరి పేరా గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. ఈ కణాలు రక్తంలోని విషాలను పట్టేస్తాయి కాబట్టి ఉద్దానం రోగులకు డయాలసిస్ బాధ తప్పే రోజు దగ్గరలో ఉందన్న ధ్వని అందులో ఉంది. దీనికి మూలం బహుశా 2010లో యు హోషినో, కెనెత్ షియా, వారి సహచరులు ప్రచురించిన పని అయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్‌ను వాడి, తేనెటీగ విషంలోని మెలిట్టిన్ అనే పెప్టైడ్‌ను గుర్తుపట్టేలా వారు చేసిన నానోకణాలు చిట్టెలుకల రక్తంలో దాన్ని పట్టుకున్నాయి. గొప్ప పనే, సందేహం లేదు. కాని అది చిట్టెలుకలలో, ఎంచుకున్న ఒకే ఒక పెప్టైడ్‌ మీద జరిగిన ప్రయోగం. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణమే ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట మండలాల్లో వారానికి రెండు మూడుసార్లు సూదులు గుచ్చించుకొంటున్నవారు మీ పత్రిక చదువుతారు. వారికి ఆశ చూపించేముందు ఆధారం ఎంతుందో చూసుకోవాలి.

కళాశాలల విషయం. నేను బోధించినంతకాలం ఉపరితల రసాయన శాస్త్రమంటే బంగారపు సాల్, ఆర్సెనిక్ సల్ఫైడ్ సాల్, హార్డీ–షుల్జ్ నియమం, స్వర్ణ సంఖ్య. అవన్నీ ఉండవలసినవే. వాటి పక్కన, ద్రవప్రియ కొల్లాయిడ్ ద్రవవిరోధి కొల్లాయిడ్‌గా మారి మళ్లీ వెనక్కి వచ్చే ఈ పదార్థాన్ని ఒక్క పీరియడు చూపితే, ఆ రెండు మాటల మధ్య గీసిన గీత ఎంత సన్ననిదో విద్యార్థికి జీవితాంతం గుర్తుంటుంది. పెద్ద పరికరాలు అక్కరలేదు. తయారై దొరికే పీనిపామ్ కణాల పలుచని ద్రావణాన్ని నాలుగు పరీక్షనాళికల్లో పోసి, రెండింటిలో ఉప్పు కలపాలి. ఉప్పున్నదొకటి, లేనిదొకటి ఐసునీటిలో, మిగిలిన రెండూ 45 డిగ్రీల నీటిలో ఉంచాలి. చల్లగా ఉన్న రెండూ పలచగా, ఉప్పు లేని వేడి నాళిక తెల్లగా నిలకడగా, ఉప్పున్న వేడి నాళిక పేరుకొని కనిపిస్తాయి. మే నెలలోనైతే వేడినీటి బదులు కిటికీ పక్కన పెట్టినా కొంతవరకు సరిపోతుంది. మోనోమర్‌తో మాత్రం విద్యార్థుల చేత తయారీ చేయించకూడదు. పాలిమర్ కంటె మోనోమర్, ముఖ్యంగా ఎక్రిలమైడ్ జాతికి చెందినది, ఎక్కువ హానికరం, చేతితొడుగులు, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టరానిది. పాఠశాలల్లోనైతే ఆహారపదార్థాల్లో కూడా వాడే మిథైల్ సెల్యులోజ్ మేలు. చల్లని నీటిలో కరిగి, సుమారు 50 డిగ్రీలు దాటాక గడ్డకట్టి, చల్లారితే మళ్లీ కరిగిపోతుంది. ప్రయోగం అయ్యాక పీనిపామ్ ద్రావణాన్ని సింకులో పారబోయకుండా విడిగా సేకరించడం కూడా నేర్పాలి, అది సులభంగా మట్టిలో కలిసిపోయే పదార్థం కాదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. కణాలు వేడికి ముడుచుకుంటాయే గాని ఉబ్బవన్న సవరణను, ఉద్దానం గురించిన వాక్యానికి వివరణను వచ్చే ఆదివారం అదే పుటలో, పాఠకులకు కనిపించే చోట ప్రచురించండి. ఇకముందు ఇటువంటి పదార్థాల గురించి రాసేటప్పుడు, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత ఉప్పున్న నీటిలో ఆ ఫలితం వచ్చిందో రెండు అంకెలు తప్పక చేర్చమని వ్యాసకర్తలకు సూచించండి.

ఇట్లు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం